నర్సరీ చెరువులో ప్లాంక్టన్ కొలిచి స్పాన్ వదలడం ఎలా?

"నీళ్ళు పచ్చబడ్డాయి, స్పాన్ వదలొచ్చా?" కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో సీజన్ మొదలైతే చాలు, ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. స్పాన్ అంటే గుడ్డు నుంచి కొత్తగా బయటపడ్డ చేప పిల్ల, దాన్ని మొదట పెంచే చిన్న చెరువే నర్సరీ. రంగు చూసి జవాబు చెప్పలేం. ప్లాంక్టన్ అంటే నీళ్ళలో తేలే సన్న జీవులు, ప్లవకాలు. పచ్చదనం వాటిలో నాచుది, అంటే వృక్ష ప్లవకాలది. మూడు రోజుల వయసున్న బొచ్చె, శీలావతి, ఎర్రమోసు స్పాన్‌కి కావలసింది ఆ నాచును తిని పెరిగే జంతు ప్లవకాలు. అవి ఎంత ఉన్నాయన్నది ఒక సంగతి, వాటిలో ఏ రకం ఎక్కువన్నది ఇంకో సంగతి. రెండూ చూడాలి. చాలామంది మొదటిది కొలిచి ఆగిపోతారు, తర్వాత పిల్ల బతకలేదని స్పాన్ అమ్మిన హేచరీని తిడతారు.

కింది లెక్కలన్నీ 10 సెంట్ల నర్సరీకి, మీటరు లోతు నీళ్ళకి. మీ చెరువు 20 సెంట్లయితే చెరువులో వేసే వాటిని రెట్టింపు చేసుకోండి. కొలత నీళ్ళు మాత్రం ఎప్పుడూ 50 లీటర్లే.

కావలసినవి

- ప్లాంక్టన్ వల: 25–30 సెంటీమీటర్ల ఇనుప రింగు, దానికి 60–75 సెంటీమీటర్ల పొడవున గరాటులా కుట్టిన బోల్టింగ్ క్లాత్ (చాలా సన్న కన్నుల నేత గుడ్డ), కొసన చిన్న సీసా. క్లాత్ కన్ను 60 నుంచి 80 మైక్రాన్ల మధ్య ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). దుకాణంలో నంబరు 25 బోల్టింగ్ సిల్క్ అని అడిగితే సుమారు 60 మైక్రాన్లది ఇస్తారు.
- 5 లీటర్ల మగ్గు, లేదా గీత పెట్టుకున్న బకెట్.
- 10 మిల్లీలీటర్ల గీతలున్న గాజు లేదా ప్లాస్టిక్ ట్యూబులు రెండు. ల్యాబ్ సామాన్ల కొట్లో సెంట్రిఫ్యూజ్ ట్యూబ్ అంటే తెలుస్తుంది.
- ఉప్పు, తెల్ల సాసరు, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం. మైక్రోస్కోప్ ఉంటే మేలు, లేకపోయినా పని జరుగుతుంది.
- టార్చిలైటు, పిడి ఉన్న చేతివల, చిన్న హాపా (నీళ్ళలో కట్టే సన్న వల తొట్టి).

చీర గుడ్డ, దోమతెర గుడ్డతో వల కుట్టకండి. స్పాన్ ముందుగా తినే జంతు ప్లవకాలైన రోటిఫర్లు చాలావరకు మిల్లీమీటరులో పదోవంతు నుంచి మూడు పదోవంతుల పొడవే ఉంటాయి. అవి గుడ్డ కన్నులోంచి జారిపోతాయి, పెద్దవే మిగులుతాయి. అప్పుడు మీ ట్యూబులో ఉన్నది స్పాన్ తినగలిగిన తిండి కాదు, తినలేనిది.

1. చెరువు సిద్ధం చేయడం

ఎండగట్టిన చెరువైతే సున్నం 8 కిలోలు చల్లి నీళ్ళు పెట్టండి. తూము దగ్గర సన్న వల గుడ్డ కట్టకుండా నీళ్ళు వదలొద్దు. కాలవ నీళ్ళతో అడవి చేపల గుడ్లూ పురుగులూ వచ్చేస్తాయి.

ఎండగట్టలేని చెరువులో అడవి చేపలను చంపాలి. ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీయగా మిగిలిన పిండి) అయితే 100 కిలోలు. దాని విషం పోవడానికి మూడు వారాలు పడుతుంది, తర్వాత అదే ఎరువుగా పనికొస్తుంది. బ్లీచింగ్ పౌడర్ అయితే 14 కిలోలు, వారం పది రోజులు ఆగాలి. బ్లీచింగ్ పాతదై వాసన తగ్గి ఉంటే ఈ మోతాదు చాలదు.

2. ఎరువు, రోజుల లెక్క

వేరుశనగ చెక్క 30 కిలోలు, పచ్చి పేడ 8 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు తీసుకోండి. ఇందులో సగం మాత్రమే నీళ్ళలో నానబెట్టి, చిక్కటి ముద్ద చేసి, స్పాన్ వచ్చే రోజుకి రెండు మూడు రోజుల ముందు చెరువంతా చల్లండి. మిగతా సగం స్పాన్ వదిలాక రెండు మూడు విడతలుగా. ఇంతకుముందు ఎరువు పడని, నీళ్ళు కొత్తగా పెట్టిన చెరువైతే మొదటి విడత ఇంకో రెండు రోజులు ముందుకు జరపండి. పేడ ఒక్కటే వాడే పద్ధతి కూడా ఉంది. 10 సెంట్లకి 400 నుంచి 600 కిలోలు, అదీ పదిహేను రోజుల ముందే. ఇప్ప చెక్క వేసిన చెరువుకి 200 కిలోలు చాలు.

ఈ రోజుల లెక్క ఎందుకంటే, వేసవి నీళ్ళలో జీవులు ఒక వరుసలో వస్తాయి (వీటిని గుర్తుపట్టడం 5వ భాగంలో ఉంది). ముందు రోటిఫర్లు. వాటికి మగతో పని లేదు, ఒకటి రెండు రోజుల్లోనే పిల్ల తల్లవుతుంది. తర్వాత మొయినా, నాలుగైదు రోజుల వయసుకే పిల్లలు పెడుతుంది. సైక్లాప్స్‌ గుడ్డు నుంచి నాప్లియస్ అనే పిల్ల దశలన్నీ దాటి పెద్దదవాలి కాబట్టి ఆలస్యంగా పెరుగుతుంది. స్పాన్ దిగవలసింది రోటిఫర్లు దండిగా ఉండి మొయినా మొదలైనప్పుడు. సైక్లాప్స్ రాజ్యమేలే దాకా ఆగితే ఆలస్యం చేసినట్టే.

కొత్త చెరువులో మొయినా మొదలు కాకపోతే, బాగా ఉన్న పక్క చెరువు నుంచి వలతో పట్టి ఒకటి రెండు బకెట్లు వేయొచ్చు. వేసే ముందు ఆ బకెట్ నీళ్ళు సాసరులో చూడండి. తెచ్చేది మొయినానో సైక్లాప్సో తెలియకుండా వేయకండి.

3. నీళ్ళు వడకట్టడం

పొద్దున ఏడు ఎనిమిది మధ్య చేయండి. ఎండెక్కితే మొయినా, దాని పెద్ద చుట్టం డాఫ్నియా కిందికి దిగిపోతాయి. అదే చెరువులో మధ్యాహ్నం కొలిస్తే సగమే కనపడొచ్చు. రోజూ ఒకే వేళకు కొలిస్తేనే నిన్నటితో పోల్చి చూడొచ్చు.

5 లీటర్ల మగ్గుతో పది చోట్ల నుంచి నీళ్ళు తీసి వలలో పోయండి, మొత్తం 50 లీటర్లు. నాలుగు మూలలు, నాలుగు గట్ల మధ్యలు, చెరువు నడుమ రెండు చోట్లు. సగం మగ్గులు పైనీళ్ళవి, సగం మోచేతి లోతువి. గాలి నెట్టుకెళ్ళే వైపు గట్టు దగ్గర ఇవి గుంపులుగా చేరతాయి కాబట్టి అక్కడే అన్ని మగ్గులూ ముంచితే చెరువంతా తిండి పొంగుతున్నట్టు కనిపిస్తుంది. అడుగు తగిలి బురద లేస్తే ఆ మగ్గు పారబోసి ఇంకోటి తీయండి.

వల నిండి పైనుంచి పొర్లిందా, ఆ లెక్క పోయినట్టే. నాచు చిక్కగా ఉన్న చెరువులో ఇది తరచూ జరుగుతుంది. అలాంటప్పుడు 25 లీటర్లే వడకట్టి, వచ్చిన కొలతను రెట్టింపు చేసుకోండి.

అయ్యాక వలను బయటివైపు నుంచి నీళ్ళతో కడగండి. గుడ్డకు అంటుకున్నదంతా కొసనున్న సీసాలోకి దిగాలి.

4. ట్యూబులో కొలత

సీసాలోది ట్యూబులో పోసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. బురద, ఇసుక ముందే అడుగుకు చేరతాయి. పైన ఈదుతున్న వాటిని నీళ్ళతో సహా మెల్లగా రెండో ట్యూబులోకి వంచండి. అప్పుడు చిటికెడు ఉప్పు వేసి తిప్పండి. మంచినీటి జీవులు ఉప్పుకి చచ్చి కిందికి దిగుతాయి. అరగంట ఆగి గీత చదవండి.

అడుగున లేత గోధుమ లేదా కాస్త గులాబీ రంగు పొర జంతు ప్లవకాలు. దాని మీద పచ్చగా తేలేది, మబ్బులా నిలిచేది నాచు. నాచును లెక్కలో కలపకండి. ఐదు నిమిషాలకే చదివితే పొర ఇంకా వదులుగా ఉండి కొలత ఎక్కువ చూపిస్తుంది. ఈ తప్పు చేయనివాళ్ళు తక్కువ, అందరికీ తొందరే.

50 లీటర్లకి 1 నుంచి 2 మిల్లీలీటర్ల పొర ఉంటే పరిమాణం చాలు. అరకి తక్కువైతే వదలొద్దు. మధ్యలో ఉంటే ఇంకో రోజు ఆగి మళ్ళీ కొలవండి. 3 దాటితే సంబరపడకండి, అది ఏమిటో ముందు చూడండి.

మైక్రోస్కోపూ 1 మిల్లీలీటరు పట్టే లెక్కింపు గది స్లైడూ ఉన్నవాళ్ళు అంకెలో చెప్పుకోవచ్చు. 50 లీటర్లను వడకట్టి 50 మిల్లీలీటర్లకు తెచ్చారనుకోండి. బాగా కలిపి తీసిన 1 మిల్లీలీటరులో 180 జీవులు కనపడితే, 180ని 50తో గుణించి 50తో భాగించాలి. అంటే చెరువు నీళ్ళలో లీటరుకి 180.

5. ఏవి ఉన్నాయో చూడటం

ఇది ఉప్పు వేయని బతికున్న నమూనాతో చేయాలి. అందుకే వంచేటప్పుడు కొంచెం పక్కకు తీసి పెట్టుకోండి. తెల్ల సాసరులో పలుచగా పోసి, వెలుతురులో భూతద్దంతో చూడండి. ఆకారం కంటే కదలిక త్వరగా పట్టిస్తుంది.

*రోటిఫర్:* కంటికి తెల్లటి చుక్క మాత్రమే. ఎగరదు, నున్నగా జారుతూ గుండ్రంగా తిరుగుతుంది. మైక్రోస్కోప్ కింద బ్రాకియోనస్ అయితే అద్దంలాంటి పెంకు, అంచున ముళ్ళు, వెనక వేలాడే గుడ్లు కనపడతాయి. స్పాన్‌కి మొదటి ముద్ద ఇదే.

*మొయినా:* మిల్లీమీటరు అటూ ఇటూ. గుండ్రటి ఒళ్ళు, ఒకే నల్ల కన్ను, ఆగి ఆగి ఎగురుతున్నట్టు ఈత. పిల్ల మొయినా స్పాన్ నోటికి సరిపోతుంది, పెద్దది రెండు మూడు రోజుల తర్వాత. డాఫ్నియా దీని కంటే పెద్దది, వెనక ముల్లు ఉంటుంది. అది ఎక్కువుంటే నాచునంతా తినేసి నీళ్ళను తేటగా చేసేస్తుంది గాని, స్పాన్ నోట్లో పట్టదు.

*నాప్లియస్:* సైక్లాప్స్ జాతుల పిల్ల. మూడు జతల కాళ్ళతో తడబడుతూ కదులుతుంది. తిండిగా మంచిదే. పది రోజుల తర్వాత అదే సైక్లాప్స్ అవుతుందని మాత్రం మరవొద్దు.

*సైక్లాప్స్:* ముందు వెడల్పు, వెనక సన్నం. ఉన్నట్టుండి విసురుగా దూకుతుంది. తల్లికి రెండు పక్కలా రెండు గుడ్ల సంచులు. పెద్దవి స్పాన్‌నే కొరుకుతాయి. మీసోసైక్లాప్స్ రకాలు దోమ పిల్లలను తినేది ఈ గుణంతోనే. పొడవాటి మీసాలతో నున్నగా జారి, ఒకే గుడ్ల సంచి ఉన్నది కనపడితే అది డయాప్టమస్. దాని వల్ల ఇబ్బంది లేదు.

*ఆస్ట్రకాడ్:* గోధుమ రంగు మినపగింజ లాంటిది, సాసరు అడుగున దొర్లుతుంది. గట్టి పెంకు వల్ల స్పాన్‌కి పనికిరాదు. ట్యూబులో మాత్రం బాగా బరువుగా అడుగున పడి కొలత పెంచుతుంది.

పది చోట్ల భూతద్దం పెట్టి చూసినప్పుడు కనపడేవాటిలో సగానికి మించి రోటిఫర్లు, నాప్లియస్‌లు, చిన్న మొయినా ఉంటే వదలండి. గుడ్ల సంచులున్న సైక్లాప్సే ఎక్కువ కనపడితే ట్యూబు 2 చూపించినా వదలొద్దు. ఆ చెరువును నాలుగైదు రోజుల వయసు పెరిగిన పిల్లలకు వాడుకోండి, లేదా నీళ్ళు తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి. పురుగుమందు చుక్కలు వేస్తే సైక్లాప్స్ చస్తుంది, రోటిఫర్ మిగులుతుంది అని చెప్పేవాళ్ళున్నారు. మాట అబద్ధం కాదు. కానీ ఆ మందుకి మొయినా కూడా పోతుంది, చచ్చినవన్నీ కుళ్ళి ఆక్సిజన్ లాగేస్తాయి, మోతాదు కాస్త తప్పితే పిల్లకే ముప్పు. నా సలహా, వద్దు.

ఇంకో గుర్తు: మొయినా వీపు మీద నల్లటి గట్టి డబ్బీలాంటిది కనపడితే అవి ఆపత్కాలపు గుడ్లు. తిండి తగ్గి, గుంపు ఎక్కువై, వాటి కాలం చెల్లుతోందన్నమాట. అవి ఎక్కువగా ఉన్న రోజు ట్యూబు ఎంత నిండుగా ఉన్నా రేపటికి పడిపోవచ్చు.

6. స్పాన్‌ను తినే పురుగులు

వెల్లకిలా ఈదే నీటిపురుగు, నీటి తేలు, నీటి పెంకుపురుగు, వాటి పిల్లలు, తూనీగ పిల్లలు – ఇవన్నీ స్పాన్‌ను పట్టి తినేవే. ఎరువు పడిన చెరువుకి పెద్ద పురుగులు రెక్కలతో ఎగిరి వస్తాయి. గట్టు మీద రాత్రి బల్బు వెలిగితే ఇంకా ఎక్కువ వస్తాయి, నర్సరీ వైపు వెలుగు పడకుండా చూసుకోండి. రాత్రి టార్చి వేసి చేతివల లాగి చూడండి. పట్టు పట్టుకీ నాలుగైదు వస్తుంటే కిందిది చేయాలి.

స్పాన్ వదలడానికి 12 నుంచి 24 గంటల ముందు సబ్బు–నూనె ద్రావణం. ఏదైనా చౌక వంటనూనె 2.25 కిలోలు, చౌక బట్టల సబ్బు 700 గ్రాములు. సబ్బు తురిమి వేడినీళ్ళలో కరిగించి, నూనె కొద్దికొద్దిగా పోస్తూ బాగా గిలకొట్టండి. నూనె విడిగా తేలకుండా అంతా కలిసిపోవాలి. దాన్ని గాలి లేని వేళ చెరువంతా చల్లండి. పైకి వచ్చి గాలి పీల్చే పురుగుల శ్వాసనాళాలు పూడిపోయి చస్తాయి.

గాలి ఉంటే పొరంతా ఒక గట్టుకు కొట్టుకుపోతుంది, నూనె దండగ. చల్లిన గంట తర్వాత చెరువు నడుమ కూడా పొర మెరుస్తోందేమో చూడండి. తూనీగ పిల్లలకు మొప్పలుంటాయి, పైకి రావు కాబట్టి ఈ మందు వాటికి పనిచేయదు. వాటిని సన్న కన్ను లాగుడు వలతోనే ఏరాలి, గట్టు వెంట గడ్డి తీసేయాలి. చచ్చిన పురుగులను తెల్లారి గాలించి తీసేయండి. స్పాన్ వదిలాక ఈ ద్రావణం చల్లొద్దు.

7. హాపా పరీక్ష, వదలడం

ఇప్ప చెక్క, బ్లీచింగ్ వాడిన చెరువైతే ముందు రోజే చెరువులో హాపా కట్టి 50 స్పాన్ వేయండి. 24 గంటల తర్వాత దాదాపు అన్నీ బతికి చురుగ్గా ఉంటే సరి. చావులు కనపడితే రెండు రోజులు ఆగండి. కొలతలన్నీ బాగున్నా ఈ ఒక్కటి మానేసి సీజన్ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

10 సెంట్ల మట్టి చెరువులో 1.2 నుంచి 2 లక్షల స్పాన్ వదలొచ్చు. పొద్దున లేదా సాయంత్రం చల్లటి వేళ, సంచులు చెరువులో పావుగంట తేలనిచ్చి, చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి, వాటంతట అవే ఈదిపోయేలా వదలండి.

8. వదిలాక

ప్లాంక్టన్ రెండు మూడు రోజుల్లోనే పడిపోతుంది. లక్షల నోళ్ళు తింటున్నాయి మరి. అందుకే మేత మొదటి రోజు నుంచే: వేరుశనగ చెక్క పొడి, తవుడు సమపాళ్ళలో, లక్ష స్పాన్‌కి రోజుకి 600 గ్రాములు, రెండు పూటలా. ఐదు రోజుల తర్వాత 1.2 కిలోలు.

మూడో రోజు, ఆరో రోజు, తొమ్మిదో రోజు 50 లీటర్ల కొలత మళ్ళీ చేయండి. అరకి తగ్గితే మిగిలిన ఎరువులోంచి ఒక విడత. ఎరువు వేసే ముందు తెల్లారుజామున చెరువు చూడటం తప్పనిసరి. పిల్లలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నా, మొయినా ఎర్రబడి నీటి మీద పేరుకున్నా, ఆక్సిజన్ తక్కువని అర్థం. ఆక్సిజన్ చాలని నీళ్ళలో మొయినా ఒంట్లో హీమోగ్లోబిన్ పెరిగి ఎరుపెక్కుతుంది. అది చూసి "ప్లాంక్టన్ బాగా వచ్చింది" అని ఇంకో బకెట్ చెక్క పోసినవాళ్ళ చెరువు మర్నాడు తెల్లటి పిల్లలతో తేలుతుంది. ఆ పూట ఎరువూ మేతా రెండూ ఆపి, కొత్త నీళ్ళు పెట్టండి లేదా మోటారుతో నీళ్ళు చిమ్మించండి. మబ్బు పట్టిన రోజుల్లో కూడా ఎరువు వద్దు.

పిల్ల తింటోందా లేదా అన్నది పిల్లనే అడగొచ్చు. సాసరులో నాలుగు తీసుకుని వెలుతురుకు పట్టండి. ఒళ్ళు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి పొట్ట నిండి ఉంటే నల్లగానో గోధుమగానో గీతలా కనపడుతుంది. పొద్దున ఎనిమిదింటికి పొట్టలు ఖాళీగా ఉంటే ట్యూబు ఎంత చూపించినా నమ్మకండి.

వల శుభ్రం

ఒక చెరువులో వాడిన వల తడిగా ఇంకో చెరువులో ముంచొద్దు. చేపకు పట్టి పీడించే చేప పేను, లంగరు పురుగు తమ పిల్ల దశల్లో ఇలాగే ఊరేగుతాయి. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, గుడ్డ పూర్తిగా ఆరేదాకా ఎండలో ఉంచండి. సబ్బు వాడితే బాగా జాడించాలి, లేదంటే తర్వాతి నమూనాలో జీవులు సాసరుకి చేరకముందే చస్తాయి. సీజన్ మొదట్లో వలను ఎండకు ఎదురుగా పట్టి చూడండి. ఒక్క సూది బెజ్జం ఉన్నా కుట్టకుండా గుడ్డే మార్చండి. కుట్టు చుట్టూ కన్నులు సాగి రోటిఫర్లు అక్కడి నుంచే పోతాయి.